ఐస్‌లాండ్ ఎఫ్ రోడ్ల మీద బండి నడపడం: టైరు గాలి దగ్గర నుంచి వాగు దాటే దాకా

ఐస్‌లాండ్ వెళ్ళిన మనవాళ్ళలో ఎక్కువమంది రింగ్ రోడ్ పట్టుకుని, దీవి చుట్టూ దాదాపు 1,300 కిలోమీటర్లలో వచ్చే జలపాతాలు, నల్ల ఇసుక తీరాలు చూసుకుని తిరిగొచ్చేస్తారు. అది కూడా బాగుంటుంది, కాదనను. కానీ అసలైన అగ్నిపర్వతాల నేల దీవి మధ్యలో ఉంది, అక్కడికి తారు రోడ్డు లేదు. ఉన్నవి ఎఫ్ రోడ్లు. బోర్డు మీద నంబరు ముందు ఎఫ్ కనిపించిందంటే ఆ దారి కొండల్లోకి పోతుందని, వంతెన లేని వాగులు తగలొచ్చని, ఫోర్ వీల్ డ్రైవ్ కాని బండితో ఎక్కడానికి చట్టం ఒప్పుకోదని అర్థం. ఇక్కడ చెప్పేదంతా ఆ దారుల గురించే. ఉదాహరణకి వేడినీళ్ళ ఊట, రంగురంగుల కొండలు ఉండే లాండ్‌మన్నలోయ్‌గర్ చుట్టూ ఉన్న దారులు తీసుకుంటాను, ఎందుకంటే బూడిద, లావా రాళ్ళు, వాగులు మూడూ అక్కడ ఒక్క రోజులో తగులుతాయి, పైగా పొద్దున్నే రాజధాని రేక్యావిక్‌లో బయల్దేరితే మధ్యాహ్నం లోపు చేరొచ్చు.

ముందు ఒక్క మాట. ఈ దారుల్లో పవర్ ఉన్న బండి కంటే ఎక్కువ పనికొచ్చేది, బండి ఆపి దిగి చూసే ఓపిక. కింద చెప్పబోయేవాటిలో సగం ఆ ఓపిక గురించే.

ఎప్పుడు వెళ్ళాలి

ఎఫ్ రోడ్లు ఏడాదంతా తెరిచి ఉండవు. మంచు కరిగి నేల కాస్త ఆరాక, మామూలుగా జూన్ రెండో సగం నుంచి జూలై మధ్యలో ఒక్కోటిగా తెరుస్తారు. సెప్టెంబర్‌లో మళ్ళీ మంచు మొదలైతే కథ అయిపోయినట్టే. తేదీ ఏటా మారుతుంది కాబట్టి పోయినేడాది ఎవరో జూన్ 20న వెళ్ళారని మీరు కూడా జూన్ 20కి టికెట్లు కొనేయకండి. రోడ్ల శాఖ వాళ్ళు ఉంఫెర్దిన్ అనే సైట్లో ఏ దారి తెరిచారు, ఏది మూశారు అని మ్యాప్ మీద రంగులతో చూపిస్తారు. బయల్దేరే రోజు పొద్దున అది ఒకసారి, వాతావరణ శాఖ సైట్ ఒకసారి చూడాల్సిందే. గూగుల్ మ్యాప్స్‌ని దీనికి నమ్మొద్దు, ఎదురుగా నది ఉందా లేదా అనేది దానికి పట్టదు. టైమ్ విషయంలో కూడా అంతే, అది రెండు గంటలంటే మీరు నాలుగు వేసుకోండి.

మూసిన దారిని గేటు పక్క నుంచి దాటేద్దాం అనుకునేవాళ్ళు ఉంటారు. పైన ఎండ కాస్తుంటే, దారి పొడిగా కనిపిస్తుంటే మూయడం అనవసరం అనిపించడం సహజం. కానీ అక్కడ నేల లోపల ఇంకా గడ్డకట్టి ఉంటుంది, కరిగిన పై పొర నీళ్ళు కిందికి ఇంకే చోటు లేక బురదలా ఉంటుంది. ఆ టైమ్‌లో ఒక్క జీపు వెళ్ళినా దారి గాడి పడిపోయి ఆ వేసవంతా అందరికీ ఇబ్బంది. మూసేది మీ క్షేమం కోసమే కాదు, ఆ దారి కోసం కూడా.

బండి, కాగితాలు

అద్దెకి తీసుకునేటప్పుడు "ఫోర్ వీల్ డ్రైవ్ కావాలి" అంటే సరిపోదు. "ఈ బండి ఎఫ్ రోడ్ల మీదికి తీసుకెళ్ళొచ్చా, ఏ ఎఫ్ రోడ్లకి ఒప్పుకోరు" అని అడిగి, జవాబు కాగితం మీద చూసుకోండి. ఉదాహరణకి థోర్స్‌మోర్క్ లోయకి వెళ్ళే ఎఫ్ 249 దారిలో క్రోస్సావ్ అనే నది ఉంది, హిమానీనదం, అంటే కొండ మీది పెద్ద మంచు పలక, కరిగి వచ్చే నది. అది మింగిన బండ్లు తక్కువేం కాదు, అందుకే చాలా కంపెనీలు తమ బండ్లని ఆ నదిలోకి అసలు దింపొద్దంటాయి. అక్కడికి పెద్ద టైర్ల హైలాండ్ బస్సులు వెళ్తాయి, టికెట్ కొనుక్కుని ఎక్కండి, హాయిగా కిటికీలోంచి చూడొచ్చు.

ఇన్సూరెన్స్ విషయంలో టెన్షన్ పడాల్సింది ఒక్కటే, మామూలుగా ఏ పాలసీ అయినా వాగులో జరిగిన నష్టాన్ని కట్టదు. ఫుల్ కవర్ అని పెద్ద అక్షరాలతో రాసినా కింద చిన్న అక్షరాల్లో నీళ్ళు, బండి కింది భాగం, గాలికి విరిగిన తలుపు మినహాయింపు అని ఉంటుంది. ఇసుక, బూడిద తుఫానుకి పెయింట్ పోతే దానికి వేరే కవర్ తీసుకోవాలి. ఇంజిన్‌లోకి నీళ్ళు పోతే బిల్లు మొత్తం మీదే. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే వాగు దగ్గర మీ అంతట మీరే జాగ్రత్తగా ఉంటారు.

బండి తీసుకున్న చోటే, పార్కింగ్‌లోనే స్టెప్నీ చూడండి. నాలుగు టైర్ల సైజుదే ఉందా, లేక సన్నటి తాత్కాలిక చక్రం పెట్టారా, లేక స్టెప్నీ బదులు గమ్ము సీసా ఇచ్చి వదిలేశారా? లావా రాయికి టైరు పక్కన చీలితే గమ్ము ఎందుకూ పనికిరాదు. జాకీ తీసి ఒకసారి పెట్టి చూడండి, వీల్ బోల్టులు ఆ స్పానర్‌కి కదులుతున్నాయో లేదో చూడండి. జాకీ కింద వేయడానికి ఒక అడుగు చదరపు చెక్క ముక్క అడిగి పెట్టుకోండి. బూడిద మీద జాకీ ఎత్తితే బండి లేవదు, జాకీయే నేలలోకి దిగుతుంది. దీంతోపాటు టైర్ ప్రెషర్ గేజ్, సిగరెట్ సాకెట్‌కి తగిలించే చిన్న ఎయిర్ కంప్రెసర్, పార, లాగుడు తాడు, తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు ఉంటే సగం యుద్ధం గెలిచినట్టే.

పెట్రోల్ సంగతి: లాండ్‌మన్నలోయ్‌గర్‌లో బంకు లేదు. దక్షిణం నుంచి వస్తే హెల్లా ఊళ్ళో, ఎఫ్ 208 వైపు వెళ్ళేటప్పుడు హ్రోయ్‌నేయార్ దగ్గర ట్యాంకు నింపేయాలి. మనుషుల్లేని బంకులు ఎక్కువ, కార్డుకి నాలుగంకెల పిన్ లేకపోతే మెషీన్ పెట్రోల్ ఇవ్వదు. సగం ట్యాంకు ఉంది కదా అనుకోవద్దు, లో గేర్‌లో పాకుతూ పోయే బండి తారు రోడ్డు లెక్కకి చాలా ఎక్కువే తాగుతుంది.

ఏ దారిలో వెళ్ళాలి

మొదటిసారి అయితే ఉత్తరం వైపు నుంచి, సిగాల్దా జలవిద్యుత్ కేంద్రం పక్కగా దిగే ఎఫ్ 208 పట్టుకోండి. కరెంటు టవర్ల వెంట పోయే దారి, చూడ్డానికి గొప్పగా ఉండదు, అలలు అలలుగా గతుకులు పడి ఒళ్ళు హూనం చేస్తుంది, కానీ లాండ్‌మన్నలోయ్‌గర్ క్యాంపు ముందు దాకా వాగు భయం లేదు. చివర్లో ల్యోతిపోత్లుర్ అనే ఎర్రటి గోడల బిలం, అందులో నీలం నీళ్ళు వస్తాయి, అక్కడ ఆగకుండా పోకండి.

రెండోది ఎఫ్ 225. హెక్లా అగ్నిపర్వతానికి ఉత్తరంగా పోతుంది. 1947, 1970, 1980, 1991, 2000 సంవత్సరాల్లో పేలిన పర్వతం అది, ఆ బూడిద మీదుగానే మీ దారి. నల్లటి మైదానం, మధ్యలో లావా గుట్టలు, హెల్లిస్‌క్వీస్ల్ అనే వాగు. నాకైతే మూడింట్లో ఇదే ఇష్టం.

మూడోది లాండ్‌మన్నలోయ్‌గర్ నుంచి దక్షిణంగా ఎల్డ్‌గ్యావ్ మీదుగా హోలాస్క్యోల్ దాకా పోయే ఎఫ్ 208 మిగతా ముక్క. ఎల్డ్‌గ్యావ్ దాదాపు 939లో భూమి చీలి లావా కక్కిన పగులు, చరిత్ర కాలంలో ఇంత లావా పోసిన విస్ఫోటనాలు ప్రపంచంలోనే బహు తక్కువ. ఈ ముక్కలో వాగుల మీద వాగులు, కొన్నిచోట్ల దారి, వాగు రెండూ ఒకటే. మొదటి రెండు దారుల్లో చేయి తిరిగాక, కాస్త ఎత్తున్న బండితో, వీలైతే ఇంకో బండి తోడుగా మాత్రమే ఇటు వెళ్ళండి.

బూడిద, కంకర, లావా రాయి: మూడూ వేర్వేరు

మన ఆదిలాబాద్, వికారాబాద్ వైపు నల్లరేగడి కూడా లావా నుంచి వచ్చిందే. దక్కన్ లావా పరుచుకుని 6.6 కోట్ల ఏళ్ళు కావస్తోంది, అన్నేళ్ళ ఎండా వానా కలిసి ఆ రాయిని బంకమన్ను చేశాయి. వానాకాలం రేగడిలో బండి దిగబడితే మట్టి టైరుకి అంటుకుని వదలదు. ఐస్‌లాండ్ నేల ఇంకా ఆ దశకి రాలేదు, కొన్నిచోట్ల దాని వయసు వందల ఏళ్ళే. అక్కడ ఏదీ అంటుకోదు, అన్నీ దొర్లుతాయి, జారతాయి, కోస్తాయి. అందుకే మన ఊళ్ళ బురదలో నేర్చుకున్న పద్ధతి, అంటే గట్టిగా యాక్సిలరేటర్ తొక్కి చక్రాలు తిప్పి మట్టి వదిలించుకోవడం, ఇక్కడ చేయకూడదు. బూడిదలో చక్రం ఒక్కసారి ఖాళీగా తిరిగిందంటే తన గొయ్యి తానే తవ్వుకుంటుంది.

గాలి తగ్గించడం మొదటి పని. బండి ఇచ్చినప్పుడు టైర్లలో 32, 35 పీఎస్ఐ ఉంటుంది, అది తారు రోడ్డు కోసం. అలల గతుకుల దారిలో 25 దగ్గరికి తగ్గిస్తే టైరు కాస్త మెత్తబడి కుదుపు సగం తనే మింగేస్తుంది. మెత్తటి బూడిద లోతుగా ఉన్నచోట 18 దాకా దించొచ్చు, టైరు వెడల్పుగా పరుచుకుని పైపైన తేలుతుంది. 15 కంటే కిందికి మాత్రం వెళ్ళకండి, మలుపులో టైరు రిమ్ నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. గాలి తగ్గించాక వేగం 40 దాటకూడదు. ఇక లావా రాళ్ళు పొడుచుకొచ్చిన చోట దీనికి రివర్స్ ఆలోచించాలి: గాలి మరీ తక్కువుంటే సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, ఉబ్బి బయటికొస్తుంది, రాయి కోసేది సరిగ్గా అక్కడే. కాబట్టి బూడిద దాటి రాళ్ళలోకి దిగేముందు మళ్ళీ 25కి నింపుకోండి. విసుగు పుట్టించే పనే, పది నిమిషాలు పడుతుంది, అయినా చేయండి.

బూడిద మీద నడిపే తీరు: ఫోర్ వీల్ ముందే వేసుకోవాలి, దిగబడ్డాక వేయడం కాదు. రెండో గేర్‌లో ఒకే వేగం, యాక్సిలరేటర్ మీద ఒకే బరువు. స్టీరింగ్ చటుక్కున తిప్పొద్దు. బ్రేక్ వేస్తే చక్రాల ముందు బూడిద కుప్ప పోగవుతుంది, తర్వాత కదలడం కష్టం, అందుకే ఆగాలనుకుంటే యాక్సిలరేటర్ వదిలేసి దానంతట అదే ఆగనివ్వండి, కుదిరితే పల్లం వైపు ముఖం పెట్టి. ట్రాక్షన్ కంట్రోల్ ఊరికే ఇంజిన్ పవర్ కోసేస్తుంటే దాన్ని ఆఫ్ చేయండి. బండి మందగించి ఇక లాగదు అనిపించిన క్షణంలోనే ఆగిపోయి, వచ్చిన గాడిలోనే వెనక్కి రావాలి. ఆ క్షణం దాటి ఇంకొక్కసారి తొక్కితే పార తీయాల్సి వస్తుంది. దిగబడితే ముందు చక్రాల ముందూ వెనకా బూడిద తీసేసి, గాలి ఇంకొంచెం తగ్గించి, అప్పుడు నెమ్మదిగా వెనక్కి.

దారే గుట్ట మీదికి ఎక్కితే నిటారుగా ఎక్కి నిటారుగా దిగండి. వాలు మీద అడ్డంగా పోతే కింది వైపు చక్రాల కింద కంకర జారి బండి ఒరుగుతుంది. దిగేటప్పుడు "ఫోర్ లో" (ఫోర్ వీల్ డ్రైవ్‌లో వేగం తగ్గించి లాగే బలం పెంచే గేరు), మొదటి గేర్, బ్రేక్ మీద కాలు వద్దు, ఇంజినే బండిని పట్టుకుంటుంది.

లావా రాళ్ళ ముక్కలో కథ వేరే. గరుకు లావా దగ్గరగా చూస్తే రాయి నిండా బుడగలు పగిలిన గుంటలు, ప్రతి గుంట అంచూ విరిగిన సీసా పెంకులా ఉంటుంది. వట్టి చేత్తో తడిమితే చర్మం లేస్తుంది. టైరు దాని మీద నుంచి పోవాలి కానీ దాని పక్కన ఒరుసుకుంటూ పోకూడదు. రాయి మధ్యలో ఉంటే రెండు చక్రాల నడుమ పోనిద్దాం అనుకోవడం కూడా ప్రమాదమే, కింద చక్రాలకి పవర్ పంచే డిఫరెన్షియల్, ఇంజిన్ ఆయిల్ ఉండే సంప్ వేలాడుతుంటాయి. అంచేత ఒక వైపు చక్రాన్ని రాయి మీదికే ఎక్కించి నెమ్మదిగా దించండి, నడిచే వేగం కూడా ఎక్కువే. ఒకరు దిగి ముందు నిలబడి చేతులతో దారి చెప్పాలి, డ్రైవర్‌కి కనిపించేంత దూరంలో, బండి జారినా తగలనంత దూరంలో. చెప్పేవాళ్ళు ఒక్కరే ఉండాలి. బండిలో నలుగురుండి నలుగురూ నాలుగు మాటలు చెప్తే డ్రైవర్‌కి పిచ్చెక్కుతుంది.

ఎదురు బండి వచ్చినా, బోర్డు మీద బ్లిండ్‌హైద్ అని గుడ్డి ఎత్తు కనిపించినా వేగం బాగా తగ్గించి కుడి అంచుకి వచ్చేయండి. ఐస్‌లాండ్‌లో కుడివైపు నడపాలి, ఇండియా నుంచో ఇంగ్లండ్ నుంచో వచ్చినవాళ్ళకి ఖాళీ దారిలో అలవాటుగా చేయి ఎడమకి పోతుంది, ఎత్తు మీద అది చాలా ప్రమాదం.

దారి దిగొద్దు

ఆఫ్ రోడ్ డ్రైవింగ్ అని మనం మామూలుగా అనే మాటకి ఐస్‌లాండ్‌లో చోటు లేదు. గీసిన దారి మీద ఎంత కష్టమైనా నడపొచ్చు, దాని నుంచి చక్రం బయట పెడితే చట్టవిరుద్ధం, జరిమానా భారీగా ఉంటుంది. లాండ్‌మన్నలోయ్‌గర్ ఉన్న ఫ్యాల్లాబాక్ 1979 నుంచి రక్షిత ప్రాంతం, రేంజర్లు తిరుగుతుంటారు.

జరిమానా గురించి కాకుండా ఆ నేల గురించి ఆలోచించండి. లావా మీద పరుచుకున్న ఆ బూడిదరంగు నాచు అరచేతి మందాన పెరగడానికి దశాబ్దాలు పడుతుంది, ఒక చక్రం కింద ఒక్క సెకనులో చాపలా లేచొస్తుంది. దాని కింద నేలని పట్టుకునే వేరు ఏదీ లేదు. ఆ గాడిలోంచి గాలి బూడిదని ఎత్తుకుపోతుంది, వాన నీరు దాన్ని కాలువ చేస్తుంది, తర్వాత వచ్చినవాడు దాన్ని దారి అనుకుని అందులో పోతాడు. వలంటీర్లు గొర్రులు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని ఎవరో సరదాకి తిప్పిన గుండ్రటి చక్రాల జాడలు చెరుపుతుంటే చూడ్డానికి నిజంగా బాధగా ఉంటుంది.

సరదాకి తిప్పేవాళ్ళు కొందరే, తెలియక దిగేవాళ్ళే ఎక్కువ. దారి మధ్య నీటి గుంట ఉంటే పక్కనుంచి తిప్పుకుపోతారు. గతుకులు భరించలేక అంచు మీద నడుపుతారు. ఎదురు బండికి దారివ్వడానికి నాచు ఎక్కిస్తారు. ఫోటో కోసం నాలుగడుగులు లోపలికి పెడతారు. వీటికి మందు సులువే: గుంటలోకి కర్ర దించి లోతు చూసుకుని అందులోంచే పోవడం, గతుకులకి గాలి తగ్గించడం, ఎదురు బండి వస్తే వెడల్పున్న చోటు దాకా ఎవరో ఒకరు వెనక్కి రావడం, ఫోటోకి నడిచి వెళ్ళడం. జూన్ చివర్లో దారికి అడ్డంగా మంచు దిబ్బ మిగిలి ఉంటే దాన్ని చుట్టి పోకూడదు, వెనక్కి తిరగాలి. అంతే.

వాగు

ఇక అసలు విషయం. వాగులు రెండు రకాలు. ఊట వాగు నీళ్ళు తేటగా ఉంటాయి, అడుగు కనిపిస్తుంది, పొద్దునా సాయంత్రం ఒకే మట్టం. హిమానీనదం నుంచి వచ్చే వాగు సిమెంటు కలిపిన నీళ్ళ రంగులో ఉంటుంది, చెయ్యి పెడితే వేళ్ళు కనిపించవు. ఎండకి మంచు కరిగేకొద్దీ మధ్యాహ్నం నుంచి పెరిగి సాయంత్రానికి పొంగుతుంది, తెల్లవారుజామున తగ్గుతుంది. వెచ్చటి రోజు, వాన పడ్డ రోజు రెండూ చెడ్డవే. అందుకే ఎల్డ్‌గ్యావ్ వైపు పోయేవాళ్ళు పొద్దున్నే పోవాలి, మధ్యాహ్నం చూసిన వాగుని సాయంత్రం తిరిగి దాటొచ్చులే అని లెక్క వేసుకోకూడదు.

వాగు దగ్గరికి రాగానే ఇంజిన్ ఆపి దిగండి. అవతలి గట్టున చక్రాల జాడ ఎక్కడ పైకి లేచిందో వెతకండి, బండ్లు ఎక్కడ దిగి ఎక్కడ తేలుతున్నాయో తెలుస్తుంది. చాలాసార్లు అది తిన్నగా ఉండదు, మధ్యలో వంపు తిరుగుతుంది. నీళ్ళు వెడల్పుగా పరుచుకుని, చిన్న చిన్న అలలతో గలగలమంటున్న చోటు లోతు తక్కువ. నున్నగా, అద్దంలా, నిశ్శబ్దంగా ఉన్న చోటు లోతు. చూసే కంటికి ఆ నున్నటి చోటే మంచిగా అనిపిస్తుంది, దాని జోలికి పోవద్దు. తొందరేం లేదు, ఇంకో బండి వచ్చేదాకా అరగంట ఆగినా మంచిదే, పెద్ద జీపు వాళ్ళు దాటుతుంటే నీళ్ళు వాళ్ళ చక్రానికి ఎక్కడిదాకా వచ్చాయో చూసుకోండి. కానీ వాళ్ళ టైరులో సగం అంటే మీ టైరు మునిగినట్టే కావచ్చు.

ఎవరూ రాకపోతే మీరే నడిచి చూడాలి. రబ్బరు బూట్లు వేసుకుని, కర్ర పట్టుకుని, ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి, పక్కకి అడుగులేస్తూ. నీళ్ళు మోకాలి కిందే ఉన్నా అడుగున గులకరాళ్ళు ఒకదానికొకటి తగిలి దొర్లుతుంటే ఆ టకటక బూటు లోపలి నుంచి పాదానికి తెలుస్తుంది. అది తెలిసిందంటే ప్రవాహం రాళ్ళనే మోసుకుపోతోంది, అడుగు గంటగంటకీ మారుతోంది. అక్కడ నేనైతే బండి దించను. కర్ర ఆసరా లేకుండా నిలబడలేకపోతున్నారంటే బండి కూడా దిగకూడదు. నడవడానికే భయమేస్తే ఇక ఆలోచించేది లేదు, వెనక్కే.

లోతు లెక్క బండిని బట్టి. కొత్త డిఫెండర్‌కి కంపెనీ 900 మిల్లీమీటర్లు అంటుంది, లాండ్ క్రూజర్ ప్రాడోకి 700. ఆ అంకెలు నిదానమైన నీళ్ళలో నెమ్మదిగా పోయినప్పటివి. పారే నీళ్ళు బండి పక్కన తగిలి పైకి లేస్తాయి, కాబట్టి అందులో సగమే మీ హద్దు అనుకోండి. డస్టర్ లాంటి చిన్న బండికి నీళ్ళు చక్రం మధ్య బోల్టు దాకా వస్తే నా లెక్కలో ఇక చాలు. ఇంజిన్ గాలి పీల్చే గొట్టం ఎంత ఎత్తులో ఉందో బానెట్ ఎత్తి చూడండి, చాలా బండ్లలో అది హెడ్‌లైట్ వెనకాలే ఉంటుంది. గాలితోపాటు నీళ్ళు సిలిండర్‌లోకి వెళ్తే పిస్టన్ వాటిని నొక్కలేదు, నీళ్ళు నొక్కుకుపోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజిన్ అయిపోయినట్టే.

దాటేముందు: ఫోర్ లో, మొదటి గేర్. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో ఒకటి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతట అదే ఆగిపోయే స్టార్ట్-స్టాప్ ఉంటే దాన్ని తప్పకుండా ఆఫ్ చేయాలి, నీళ్ళలో నెమ్మదించగానే ఇంజిన్ ఆపేసే అవకాశం ఉంది. ముందు అడ్డం వస్తే దానంతట అదే బ్రేక్ వేసే సిస్టం కూడా ఆఫ్. కిటికీ అద్దాలు దించండి. బండి బాగా వేడెక్కి ఉంటే కాసేపు చల్లారనివ్వండి, వేడి డిఫరెన్షియల్ చన్నీళ్ళలో మునగగానే లోపలి గాలి ముడుచుకుని సీళ్ళ సందుల్లోంచి నీళ్ళు పీల్చుకుంటుంది.

దిగడం నెమ్మదిగా, మనిషి నడక వేగంతో. బానెట్ ముందు చిన్న అల ఒకటి లేస్తుంది, ఆ అల వెనకాలే అదే వేగంతో పోవాలి. కుదిరితే ప్రవాహం పోయే వైపు కాస్త ఏటవాలుగా, దానికి ఎదురీదకుండా. మధ్యలో గేర్ మార్చొద్దు, క్లచ్ తొక్కొద్దు, ఆగొద్దు. కళ్ళు పారే నీళ్ళ మీద కాకుండా అవతలి గట్టు మీద మీరు తేలాల్సిన చోటు మీద పెట్టండి, నీళ్ళు చూస్తూ ఉంటే బండే పక్కకి కొట్టుకుపోతున్నట్టు తల తిరుగుతుంది. ముందు బండి పూర్తిగా గట్టెక్కాకే రెండోది దిగాలి. స్పీడుగా కొడితే నీళ్ళు రెండు వైపులా రెక్కల్లా లేచి ఫోటో బాగుంటుంది, ఆ నీళ్ళే గాలి గొట్టంలోకి పోయేది.

మధ్యలో ఇంజిన్ ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయకండి. ఎంత భయమేసినా సరే. చేయకపోతే బండి బతికే అవకాశం ఉంది. నీళ్ళు పెరుగుతుంటే కిటికీలోంచి బయటపడి బండి పైకెక్కి 112కి ఫోన్ చేయండి. గట్టెక్కాక పదిసార్లు మెల్లగా బ్రేక్ నొక్కి ఆరబెట్టుకోవాలి, తడి బ్రేకులు పట్టవు.

లాండ్‌మన్నలోయ్‌గర్ క్యాంపు ముందర కూడా ఇలాంటి రెండు వాగులున్నాయి, ఎఫ్ 208 ఉత్తరం దారిలో వాగు లేదని వచ్చినవాళ్ళు ఇక్కడ వచ్చి చిక్కుకుంటారు. వాటికి ఇవతలే పార్కింగ్ ఉంది, పక్కనే కాలివంతెన. బండి ఇవతల పెట్టి నడిచిపోండి. దాటితే మిగిలేది ఐదారు నిమిషాల నడక, పోతే పోయేది ఇంజిన్. వేసవిలో ఇక్కడ పగటిపూట పార్కింగ్‌కి ముందే బుక్ చేసుకోవాల్సి రావచ్చు, ఆ సంగతి బయల్దేరేముందే చూసుకోండి. నడిచి వెళ్తే వేడినీళ్ళ ఊట, దాని వెనక 1477 ప్రాంతంలో పారిన లోయ్‌గహ్రోయ్‌న్ లావా, అందులో నల్లగా మెరిసే అగ్నిశిల గాజు, చుట్టూ పసుపు, ఎరుపు, ఆకుపచ్చ కొండలు. ఇంత కష్టపడి వచ్చినందుకు కనీసం మూడు గంటలు అక్కడ ఉండండి.

గాలి, బూడిద, పర్వతం

వాతావరణ సైట్లో గాలి వేగం సెకనుకి మీటర్లలో ఇస్తారు. 15 అంటే మనకి చిన్న అంకెలా కనిపిస్తుంది, అది గంటకి 54 కిలోమీటర్లు. 20 దాటితే ఎత్తైన బండితో అసలు బయల్దేరొద్దు. ఎండిన బూడిద మైదానంలో ఆ గాలి లేస్తే అద్దం, పెయింట్ గీరుకుపోతాయి, ఎయిర్ ఫిల్టర్ నిండిపోతుంది. ఆగినప్పుడు బండి ముఖం గాలికి ఎదురుగా పెట్టి, తలుపు రెండు చేతులతో పట్టుకుని తెరవండి, పిల్లల్ని తెరవనివ్వొద్దు.

ఇది బతికున్న నేల అని మర్చిపోవద్దు. హిమానీనదం కింద వేడి పెరిగితే ఒక్కసారిగా వరద దూసుకొస్తుంది. 2011 జూలైలో మంచు కింద ఉన్న కట్లా అగ్నిపర్వతం నుంచి వచ్చిన అలాంటి వరదే రింగ్ రోడ్ మీద మూలక్వీస్ల్ వంతెనని ఊడ్చుకుపోయింది. ఫోన్‌కి హెచ్చరిక మెసేజ్ వస్తే లోయ వదిలి ఎత్తుకి వెళ్ళడమే, సామాను సర్దుకోవడం లాంటివి ఏమీ వద్దు. కొన్ని లోయల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి సేఫ్‌ట్రావెల్ సైట్లో మీ ప్లాన్, తిరిగొచ్చే టైమ్ రాసి వెళ్ళండి, మ్యాప్ ఫోన్‌లో ముందే దించుకోండి.

తిరిగొచ్చాక

తారు రోడ్డు ఎక్కేముందు టైర్లలో గాలి మళ్ళీ నింపండి, తక్కువ గాలితో 90లో పోతే టైరు వేడెక్కి పేలుతుంది. చక్రం దగ్గర ఇనుము గీకినట్టు కీచుమంటే కంగారు పడకండి, చాలాసార్లు అది బ్రేక్ డిస్క్‌కి, దాని వెనక రేకుకి మధ్య ఇరుక్కున్న చిన్న కంకర రాయి, నాలుగు గజాలు వెనక్కి ముందుకి నడిపితే రాలిపోతుంది. టైర్ల లోపలి వైపు సైడ్‌వాల్‌కి చీలికలున్నాయేమో టార్చ్ వేసి చూడండి, బయటివైపు అందరూ చూస్తారు, లోపలివైపు ఎవరూ చూడరు. సొంత బండి అయితే డిఫరెన్షియల్ ఆయిల్ తెల్లగా పాలలా మారిందేమో చూపించండి, మారితే వెంటనే మార్పించాలి.

ఆ తర్వాత మీ ప్లాన్ ఎవరికి చెప్పి వెళ్ళారో వాళ్ళకి, క్షేమంగా చేరామని మెసేజ్ పెట్టండి. అది అందకపోతే రాత్రి మీకోసం బయల్దేరేది జీతానికి పనిచేసేవాళ్ళు కాదు, తమ పనులు వదులుకుని వచ్చే వలంటీర్లు.